మ్యూజియంలో తొలి అక్షరాలు: మూడు నుంచి ఆరేళ్ల పిల్లలను సాలార్‌జంగ్‌కు తీసుకెళ్లే టీచర్లకు, తల్లిదండ్రులకు సమగ్ర మార్గదర్శి

ఎల్‌కేజీలో చేరిన నెలకే పిల్లల చేత అ, ఆలు పేజీలకు పేజీలు దిద్దించేస్తున్నాం. వేళ్లకు ఇంకా పట్టు రాలేదు. దిద్దుతున్నది ఏమిటో, ఎందుకో తెలియదు. అయినా పేజీ నిండాలి. చదువుకు అది సరైన మొదలు కాదని నా గట్టి నమ్మకం. చూసినదాన్ని నోరారా చెప్పగలగాలి. విన్న మాటను ముక్కలు చేసి పట్టుకోగలగాలి. తను గీసిన గీతకు ఒక అర్థం ఉంటుందని, దాన్ని ఇంకొకరు చదవగలరని తెలియాలి. ఈ మూడూ కుదిరిన పిల్లలకు అక్షరం త్వరగా పట్టుబడుతుంది. మాట్లాడాలనిపించే వస్తువులు, బొమ్మలు, శబ్దాలు ఒకే చోట దొరికే మ్యూజియం ఈ మూడింటికీ బాగా పనికొస్తుంది.

2020 జాతీయ విద్యా విధానం మూడు నుంచి ఎనిమిదేళ్ల వరకు ఒకే పునాది దశగా చూసింది. అందులో మొదటి మూడేళ్లు అంగన్‌వాడీ లేదా ప్రీస్కూలు. ఆటపాటలతోనే నేర్పాలని అదే చెబుతోంది. మ్యూజియానికి తీసుకెళ్లడానికి హెడ్మాస్టరు అనుమతి అడిగేటప్పుడు ఈ మాట గుర్తుచేయండి.

ఈ మార్గదర్శి హైదరాబాద్ సాలార్‌జంగ్ మ్యూజియాన్ని దృష్టిలో పెట్టుకుని రాసింది. సాలార్‌జంగ్ వంశం, ముఖ్యంగా మూడో సాలార్‌జంగ్ మీర్ యూసుఫ్ అలీఖాన్, సేకరించిన వస్తువులతో 1951 డిసెంబరు 16న ఆ వంశం వాళ్ల భవనమైన దివాన్ దేవ్‌డీలో మొదలైన మ్యూజియం ఇది. 1968లో మూసీ ఒడ్డున, దారుల్‌షిఫాలో ఉన్న ఇప్పటి భవనంలోకి మారింది. హైదరాబాద్‌లో చాలా ఇళ్లలో అమ్మమ్మలు, తాతయ్యలు కూడా చిన్నప్పుడు చూసిన చోటు కాబట్టి ఇంటికెళ్లాక కూడా ఆ ముచ్చట నడుస్తుంది.

మొదటి మెట్టు: మూడే మూడు వస్తువులు

పిల్లల కంటే ముందు మీరొక్కరే వెళ్లి చూసి రండి. గ్యాలరీలన్నీ తిప్పాలన్న ఆశ అక్కడే వదిలేయండి. నాలుగేళ్ల పిల్లలు గంట, గంటన్నర కంటే ఎక్కువ ఓపిక పట్టలేరు. అందులో సగం నడకకు, నీళ్లకు, బాత్రూముకు పోతుంది. మిగిలిన సమయంలో మూడు వస్తువుల దగ్గర తీరిగ్గా కూర్చుంటే చాలు.

ఎంచుకునేటప్పుడు ఒకటే చూడండి: దాని గురించి పిల్లలు ఏమైనా చెప్పగలరా? అందం, వయసు, విలువ పిల్లలకు పట్టవు. కదిలేది, దాక్కున్నది, రెండు వైపులా వేర్వేరుగా ఉన్నది, తమ ఇంట్లో ఉన్నదాన్ని పోలినది పట్టుకుంటుంది. నేను ఎప్పుడూ సూచించేవి ఈ మూడు: సంగీత గడియారం, ముందొక మనిషి వెనకొక మనిషి ఉన్న జంట శిల్పం, నల్లటి లోహం మీద వెండి పొదిగిన బిద్రి పాత్రలు. ఇటలీ శిల్పి బెంజోనీ చెక్కిన ముసుగు రెబెకా పాలరాతి శిల్పం పెద్దలను కట్టిపడేస్తుంది కానీ చిన్నపిల్లలు అక్కడ ఎక్కువసేపు ఆగరు. సమయం మిగిలితే, రాతి ముసుగులోంచి ముఖం ఎలా కనిపిస్తోందో ఒక్క నిమిషం చూపించండి.

వస్తువులు చూస్తున్నప్పుడే పిల్లల ఎత్తుకు వంగి చూడండి. మనకు బాగా కనిపించేది వాళ్లకు అద్దంలో ట్యూబ్‌లైటు మెరుపుగా మాత్రమే కనిపించవచ్చు. ఎక్కడ కూర్చోబెట్టాలో, ఎటు నుంచి చూస్తే మెరుపు పడదో అప్పుడే గుర్తు పెట్టుకోండి.

రెండో మెట్టు: వెళ్లే ముందు వారం

ఈ వారంలో చేయాల్సింది మాటలు పోగేయడం. గంట, సుత్తి, కమ్మరి, గడియారం, ముందు, వెనక, అద్దం, తీగ, మెలిక, నల్లటి, తెల్లటి: ఇన్ని చాలు. వీటిని బోర్డు మీద రాసి వల్లె వేయించకండి. ఆటలో పెట్టండి.

చప్పట్ల ఆట చాలా తేలిక, చాలా ఫలితం ఇచ్చేది. మాటను ముక్కలు చేసి, ముక్కకో చప్పట కొట్టాలి. గం-ట: రెండు. సు-త్తి: రెండు. కమ్మరి: క-మ్మ-రి, మూడు. గడియారం: గ-డి-యా-రం, నాలుగు. తెలుగు లిపిలో ఒక్కో అక్షరం ఇలాంటి ఒక్కో ముక్కను పట్టి చూపిస్తుంది. కాబట్టి చప్పట్లతో మాటను ముక్కలు చేయగల పిల్లలకు, రేపు కాగితం మీద అక్షరాలు వరసగా కనిపించినప్పుడు అది కొత్త సంగతి అనిపించదు. ఇంగ్లీషు మీడియం బడుల్లో కూడా ఈ ఆట తెలుగులోనే మొదలుపెట్టండి. ఇంట్లో మాట్లాడే భాషలో చెవి పదునెక్కితే రెండో భాషకు కూడా అదే చెవి పనికొస్తుంది. ఇంట్లో ఉర్దూ మాట్లాడే పిల్లలుంటే వాళ్ల మాటలకు కూడా చప్పట్లు కొట్టించండి. వాళ్ల పేర్లతో మొదలుపెడితే ఇంకా మంచిది.

‘ముందు-వెనక’ ఆటకు ఏ సరంజామా అక్కర్లేదు. ఒకరు మధ్యలో నిలబడతారు. మిగతావాళ్లు చుట్టూ తిరుగుతూ, టీచరు ఆగమన్నచోట ఆగి, “నాకు ముక్కు కనిపిస్తోంది”, “నాకు జడ కనిపిస్తోంది” అని చెప్పాలి. జంట శిల్పం దగ్గర ఈ ఆటే మళ్లీ వస్తుంది.

‘చూపుల ఆట’ మ్యూజియం మర్యాదకు. చేతులు వెనక్కి కట్టుకుని, కళ్లతో మాత్రమే తాకాలి. “ముట్టుకోవద్దు” అని పదిసార్లు అరిచే బదులు ఇది నాలుగు రోజులు ఆడించండి. పిల్లల చేతులకు మాత్రం ఏదో ఒకటి కావాలి, అది న్యాయమే. అందుకే ఒక గుడ్డ సంచిలో చిన్న గంట, కొయ్య సుత్తి, పలచటి చున్నీ ముక్క, ఇత్తడి గిన్నె వేసుకుని వెళ్లండి. గ్యాలరీలో చూసినదాని చెల్లెలు సంచిలో దొరుకుతుంది.

మూడో మెట్టు: ప్రయాణం ఏర్పాట్లు

మ్యూజియానికి శుక్రవారం సెలవు. ఆదివారం రద్దీ. మామూలు రోజు ఉదయం తెరవగానే లోపలికి వెళ్లేలా బయల్దేరండి. నలుగురైదుగురు పిల్లలకు ఒక పెద్దవాళ్లు ఉండాలి. తల్లులను, నానమ్మలను పిలవండి, సంతోషంగా వస్తారు. వాళ్లకు ముందే ఒక్క మాట చెప్పండి: జవాబులు చెప్పకండి, పిల్లలు చెప్పేది వినండి. పేరు, ఫోన్ నంబరు ఉన్న చీటీని చొక్కా లోపలి వైపు పిన్ను పెట్టండి. బ్యాగులు కౌంటరులో పెట్టాల్సి వస్తుంది కాబట్టి సామాను తక్కువ పట్టుకెళ్లండి. గ్యాలరీలోకి ఆ గుడ్డ సంచి, పెన్సిళ్లు, కాగితం అట్టలు మాత్రమే. రంగులు, జిగురు బడిలో. గుంపుగా కూర్చుని బొమ్మలు గీస్తామని అక్కడి సిబ్బందికి ముందే చెప్పి అనుమతి తీసుకోండి.

దారిలోనే చదువు మొదలవుతుంది. ఆర్టీసీ బస్సు బోర్డు, దుకాణాల పేర్లు, వీధి పేర్లు హైదరాబాద్‌లో చాలాచోట్ల తెలుగు, ఉర్దూ, ఇంగ్లీషు మూడు లిపుల్లో ఉంటాయి. “ఒకే పేరు మూడు రకాలుగా రాశారు, మనది ఏది?” అని అడగండి. ఒక లిపి ఎడమ నుంచి కుడికి, ఇంకోటి కుడి నుంచి ఎడమకు నడుస్తుందని వేలితో చూపించండి. రాతకు ఒక దిశ ఉంటుందన్న సంగతి పిల్లలకు ఎవరో ఒకరు చూపిస్తేనే తెలుస్తుంది.

నాలుగో మెట్టు: గడియారం ముందు

11 గంటలకు పది పదిహేను నిమిషాల ముందే చేరుకోండి. జనం గుమిగూడతారు, చిన్నవాళ్లకు ముందు వరుస దొరకాలి. పందొమ్మిదో శతాబ్దపు ఈ గడియారాన్ని కలకత్తాలోని కుక్ అండ్ కెల్వీ సంస్థ తయారుచేసి ఇచ్చింది. అందులో ఒక కమ్మరి బొమ్మ సుత్తితో దెబ్బ మీద దెబ్బ కొడుతూ క్షణాలు లెక్కపెడుతూ ఉంటుంది. గంట కాగానే లోపలి గదిలోంచి ఇంకో చిన్న మనిషి బయటికి వచ్చి, ఎన్ని గంటలయితే అన్నిసార్లు గంట కొట్టి లోపలికి వెళ్లిపోతాడు.

ఆ పదిహేను నిమిషాల ఎదురుచూపే మీ అసలైన పాఠం. “తలుపు వెనక ఎవరున్నారు?” అని అడగండి. జవాబు చెప్పకండి. ఒకరు పోలీసు అంటారు, ఒకరు పిల్లి అంటారు. ఎవరిది తప్పు కాదు. తర్వాత ఏం జరుగుతుందో ఊహించడం కథ చదివేవాళ్లు చేసే పనే, పిల్లలు దాన్ని పుస్తకం లేకుండా చేస్తున్నారు. కమ్మరి దెబ్బకు తగ్గట్టు నెమ్మదిగా చప్పట్లు కొట్టించండి. గంట మోగుతున్నప్పుడు ఒక్కో దెబ్బకు ఒక్కో వేలు మడవమనండి. పది వేళ్లు అయిపోయాక ఇంకో దెబ్బ మిగిలినప్పుడు వాళ్ల ముఖాలు చూడండి.

అయిపోయాక ఒక పక్కకు వచ్చి, నేల మీద కూర్చోబెట్టి అడగండి. న్యూయార్క్ ఆధునిక కళా మ్యూజియంలో విద్యా విభాగాన్ని నడిపిన ఫిలిప్ యెనవైన్, మనస్తత్వ శాస్త్రవేత్త అబిగైల్ హౌసెన్ కలిసి బొమ్మల గురించి మాట్లాడించడానికి మూడు ప్రశ్నల పద్ధతి తయారుచేశారు. మన పిల్లలకు తగ్గట్టు ఇలా అడగవచ్చు: ఇక్కడ ఏం జరుగుతోంది? నీకలా ఎందుకనిపించింది, ఏం చూశావు? ఇంకేమున్నాయి? రెండో ప్రశ్న ముఖ్యం. తన మాటకు ఆధారం చూపించడం అక్కడ నేర్చుకుంటారు.

మాటలు ఇలా నడుస్తాయి:

“ఏం జరిగింది, నాన్నా?”
“తాత వచ్చిండు.”
“తాత అని ఎట్లా తెలిసింది?”
“గడ్డం ఉంది కదా, టీచర్.”
“తర్వాత?”
“గంట కొట్టిండు. లోపలికి వోయిండు.”
“ఎందుకు వెళ్లాడు?”
“పండుకోనీకి.”

ఇందులో మొదలు, మధ్య, చివర మూడూ వచ్చేశాయి. కారణం కూడా వచ్చింది. ఇది ఆ చిన్నారి మొదటి కథ. దాన్ని అక్కడికక్కడే ఒక అట్ట మీద రాయండి, ఎలా చెబితే అలాగే. ‘వచ్చాడు’, ‘వెళ్లాడు’ అని దిద్దకండి. తన నోట వచ్చిన మాట కాగితం మీదికి ఎక్కి, టీచరు వేలు పెట్టి చదివితే మళ్లీ తన మాటే వినిపించినప్పుడు, రాత అంటే ఏమిటో ఆ చిన్నారికి తెలుస్తుంది. ఆ మాట మార్చి రాస్తే ఆ సంబంధం తెగిపోతుంది. పాఠ్యపుస్తకం భాష నేర్చుకోవడానికి ముందు చాలా ఏళ్లున్నాయి. శ్రీకాకుళం యాసయినా, రాయలసీమ యాసయినా ఇదే నియమం.

చివరగా ఒక శబ్దాల ఆట. గంట, గడియారం, గడ్డం: మూడూ దేనితో మొదలవుతున్నాయి? ‘గ’తో మొదలయ్యేవి ఇంకా వెతకమనండి. గది, గోడ, గాజు కూడా వస్తాయి. గుణింతాలు పిల్లలకు తెలియవు, కానీ చెవికి తెలుసు.

ఐదో మెట్టు: ముందు ఎవరు, వెనక ఎవరు

జంట శిల్పం ఇది: ఒకే కొయ్య దుంగలో ఒక వైపు గర్వంగా నిలబడ్డ మెఫిస్టోఫిలిస్ (జర్మన్ నాటకం ‘ఫౌస్ట్’లోని దెయ్యం), ఇంకోవైపు తలవంచుకున్న మార్గరెట్టా (అదే నాటకంలోని అమ్మాయి). వెనక ఉన్న అద్దంలో రెండో మనిషి కనిపిస్తుంది. పేర్లు, వెనకున్న కథ పిల్లలకు అక్కర్లేదు. ముందు వైపు నిలబెట్టి, “ఎట్లా నిలబడ్డాడు? మీరూ నిలబడండి” అనండి. ఛాతీ విరుస్తారు. అద్దంలోకి చూపించి, “ఇప్పుడు ఈ అక్క లాగా” అనండి. తలలు వాలతాయి. అప్పుడు మాటలు ఇవ్వండి: గర్వం, సిగ్గు, కోపం, దిగులు. ఒంటితో చేసి చూపాక వచ్చిన మాట మర్చిపోరు. ఆ అమ్మాయి చేతిలో ఒక పుస్తకం ఉంది. అది మీరు చెప్పకండి, పిల్లలే కనిపెట్టాలి. కనిపెట్టాక, “అందులో ఏం రాసి ఉంటుంది?” అని అడిగి వదిలేయండి.

మూడేళ్ల వాళ్లకు పైన, కింద, ముందు, వెనక, పక్కన అనే మాటలు ఇక్కడ గట్టిపడితే చాలు. రేపు ‘ర’ మీద గుడి ఎక్కడ పెట్టాలి, వత్తు ఎక్కడ రాయాలి అని చెప్పేటప్పుడు మనం వాడేది ఈ మాటలే.

ఆరో మెట్టు: బిద్రి తీగలు, పలక మీద బలపం

నన్నడిగితే రాతకు అన్నిటికంటే ఎక్కువ ఉపయోగపడేది బిద్రి గ్యాలరీ. జింకులో కొద్దిగా రాగి కలిపి పోతపోసిన పాత్ర మీద సన్నటి గాడులు చెక్కి, వాటిలో వెండి పొదుగుతారు. బీదర్ కోట మట్టితో చేసిన ముద్దతో రుద్దితే లోహం నల్లబడుతుంది, వెండి మాత్రం తెల్లగా మెరుస్తూ మిగులుతుంది. నల్లటి నేల మీద తెల్లటి తీగలు, మెలికలు, చుట్లు.

తెలుగు అక్షరాల్లో నిలువు గీతలు తక్కువ, గుండ్రాలు ఎక్కువ. చేయి ఆగకుండా వంపు తిరగాలి, వెనక్కి రావాలి, చుట్టి ముడివేయాలి. నాలుగేళ్ల పిల్లల మణికట్టుకు అది కష్టం. నిలువు గీతలు, అడ్డ గీతలు దిద్దించే ఇంగ్లీషు కాపీ పుస్తకం దీనికి సాయం చేయదు. బిద్రి తీగ చేస్తుంది.

పాత్ర ముందు కూర్చోబెట్టి, ఒక తీగను ఎంచుకోమనండి. అది ఎక్కడ మొదలై ఎక్కడికి పోతోందో గాలిలో వేలితో గీయాలి. ముందు చేయి మొత్తం ఊపుతూ పెద్దగా, తర్వాత మోచేతి నుంచి, ఆ తర్వాత వేలితో చిన్నగా. ఆ తర్వాత పెన్సిలుతో కాగితం మీద. పోలిక కుదరాల్సిన పని లేదు. “ఇది పాము” అన్నా సరే, కాగితం కింద ‘పాము’ అని వాళ్ల ముందే రాయండి.

మర్నాడు బడిలో నల్ల పలక, బలపం ఇవ్వండి. మన పలక పాత బిద్రి పాత్రలాగే ఉంటుంది. పలక అంచు చుట్టూ తీగ అల్లించండి, మధ్యలో తనకు నచ్చిన బొమ్మ వేయించండి. పలకలు లేకపోతే నల్ల చార్టు మీద సుద్దముక్క. తడి ఇసుకలో వేలితో, ముగ్గుపిండితో నేల మీద కూడా అదే తీగ వేయించవచ్చు. ముగ్గు వేయగల అమ్మమ్మ ఎవరైనా ఉంటే పిలవండి. మెలికల ముగ్గును చేయి ఎత్తకుండా వేసే ఆ చేతి కదలిక పిల్లలు దగ్గరగా చూడాలి.

వారం రెండు వారాలు తీగలు అల్లాకే అక్షరం. మొదటిది వాళ్ల పేరులో మొదటి అక్షరం. పిల్లలకు దాని మీద ఉన్నంత ఇష్టం వేరే ఏ అక్షరం మీదా ఉండదు. తర్వాత మ్యూజియంలో చూసిన వాటివి: గంటలో ‘గ’, ముసుగులో ‘మ’, అద్దంలో ‘అ’. వర్ణమాల వరసలో వెళ్లాలన్న నియమం పెట్టుకోకండి. చూపుకు ఒకేలా ఉండే ద, డ, థ, ధలను మాత్రం ఒకేసారి పరిచయం చేయకండి. ఒకటి బాగా నిలిచాక రెండోది.

ఏడో మెట్టు: చుట్టల కథ, బడిలోనే మ్యూజియం

సిద్దిపేట జిల్లా చేర్యాలలో నకాషీ కళాకారులు చింతగింజల గంజి, తెల్ల సుద్ద పూసిన ఖద్దరు గుడ్డ మీద కథలను వరసబొమ్మలుగా వేస్తారు. కథ చెప్పేవాళ్లు ఆ చుట్టను కొంచెం కొంచెంగా విప్పుతూ, బొమ్మ చూపిస్తూ కథ పాడేవారు. అక్షరం రాని ఊరంతా ఆ కథను చదివినట్టే. మీరూ అది చేయండి. పొడవాటి కాగితం రోలు, రెండు చివర్లా రెండు కర్రలు. ఎరుపు రంగు ముందుగా నేలంతా పూయించండి, చేర్యాల బొమ్మల్లో నేల ఎక్కువగా ఎరుపే. ఎండాక గళ్లు గీయండి: బస్సు ఎక్కాం, గడియారం చూశాం, తాత వచ్చిండు, ఇంటికి వచ్చాం. ఒక్కో గడి ఒక్కో జట్టుకు. బొమ్మ కింద వాళ్లు చెప్పిన వాక్యం మీరు రాయండి, చివర తమ పేరు వాళ్లు రాయాలి. ఒట్టి గిలుకుడు గీత అయినా అది సంతకమే, చెరపకండి. సాయంత్రం తల్లిదండ్రుల ముందు చుట్ట విప్పుతూ పిల్లలతో కథ చెప్పించండి.

తరగతి గది మూలలో ఒక బల్ల మ్యూజియం చేయండి. ఇంటి నుంచి ఒక్కో వస్తువు తెప్పించండి: కవ్వం, చాట, జల్లెడ, లాంతరు, కొండపల్లి బొమ్మ, ఏటికొప్పాక లక్కపిడత. ప్రతిదానికీ ఒక చీటీ, దాని మీద పేరు, తెచ్చినవాళ్ల పేరు. వారానికోసారి చీటీలు తారుమారు చేసి, “ఎవరో కలిపేశారు, సర్దండి” అనండి. చదవడం రాని పిల్లలు కూడా మొదటి అక్షరం, మాట పొడవు చూసి సర్దుతారు. చదవడం అక్కడే మొదలైంది.

ఫలితం ఎలా తెలుస్తుంది

పరీక్ష పెట్టకండి. ఒక నోటు పుస్తకంలో ఒక్కొక్కరికి ఒక పేజీ కేటాయించి, నెల రోజుల పాటు కనిపించినవి రాసుకోండి. ఒక్క మాటతో జవాబు చెప్పే పిల్లలు వాక్యం చెబుతున్నారా? ‘ఎందుకంటే’ వాడుతున్నారా? బొమ్మ గీసి దాని పక్కన అక్షరాల్లాంటివి వేసి “ఇక్కడ రాశాను” అంటున్నారా? దుకాణం బోర్డులో తమ పేరులోని అక్షరం గుర్తుపడుతున్నారా? వీటిలో ఏది వచ్చినా మంచి అడుగే. నెల గడిచినా నోరు విప్పని పిల్లలుంటే, వినికిడి బాగుందో లేదో ముందు చూపించమని తల్లిదండ్రులకు చెప్పండి.

సాలార్‌జంగ్ దూరమైనవాళ్లకు

విజయవాడలో బాపు మ్యూజియం, అరకులో గిరిజన మ్యూజియం, అమరావతిలో, నాగార్జునకొండలో శిల్పాల మ్యూజియాలు ఉన్నాయి. అమరావతి శిల్పాల్లో కథలు వరసగా చెక్కి ఉంటాయి కాబట్టి చుట్టల ఆట వాటికి చక్కగా సరిపోతుంది. లండన్‌లో ఉన్న తెలుగు కుటుంబాలకు బ్రిటిష్ మ్యూజియంలో కూడా అమరావతి శిల్పాలు దొరుకుతాయి. అక్కడ పిల్లలతో తెలుగులోనే మాట్లాడుతూ చూపించండి. ఏ మ్యూజియమూ అందుబాటులో లేని అంగన్‌వాడీ అయితే ఏడో మెట్టులోని బల్లతోనే మొదలుపెట్టి, చప్పట్ల ఆట, మూడు ప్రశ్నలు, పలక మీద తీగలు అదే వరసలో నడపండి. ఖర్చు కొన్ని చార్టులు, ఒక సుద్దముక్కల డబ్బా.

ఇంట్లో తల్లిదండ్రులకు ఒక్క మాట. పిల్లలు తిరిగి వచ్చిన రాత్రి “ఏం నేర్చుకున్నావు?” అని అడిగితే “ఏం లేదు” అనే అంటారు. “ఆ తలుపు వెనక ఎవరున్నారు?” అని అడిగి చూడండి.